ఏడో ప్రశ్న ఖాళీగా వచ్చింది: ఒక అభ్యర్థి కేస్ స్టడీ

స్థానిక ఎన్నికల్లో తొలిసారి నిలబడబోయేవాళ్లకు శిక్షణ ఇవ్వడం నా పని. ఏ పార్టీ పిలిచినా వెళ్తాను, ఫీజు తీసుకుంటాను, నా ఓటు సంగతి నా దగ్గరే ఉంచుకుంటాను. ఇక్కడ రాస్తున్న కేసు కొన్నేళ్ల కిందటిది. ఇందులో ఉన్న ఇద్దరి అనుమతీ తీసుకున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. నేను చేసిన తప్పుల్ని మాత్రం మార్చలేదు.

ఒక పార్టీ కమిటీ నుంచి ఇద్దరిని పంపారు. ఆవిడకు 46 ఏళ్లు, ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ మేనేజర్. ఆయనకు 44, సొంత వ్యాపారం. పదేళ్లుగా ఒకే కమిటీలో కలిసి పనిచేస్తున్నారు. బూత్ ఏజెంట్లను ఎవరిని పెట్టాలి, ఏ వీధిలో ఎన్ని ఓట్లు ఉన్నాయి, గతసారి ఎక్కడ దెబ్బతిన్నాం అని ఎవరికి సందేహం వచ్చినా ఆవిడకే ఫోన్ చేస్తారు. పక్కపక్క వార్డుల్లో ఇద్దరినీ నిలబెట్టాలని పార్టీ ఆలోచన. నాతో మాట్లాడిన నాయకుడు ఇలా చెప్పారు: "ఆయన రెడీగా ఉన్నారు, కాస్త మాట్లాడటం నేర్పితే చాలు. ఆవిడకు అన్నీ వచ్చు, కాన్ఫిడెన్సే లేదు. అది మీరే తేవాలి."

నేను ఆ మాటను నోట్‌బుక్‌లో అలాగే రాసుకుని, కింద గీత కూడా గీశాను.

ఫారం

మొదటి రోజు అందరిచేతా ఒక ఫారం నింపిస్తాను. ముందున్న ఆరు ప్రశ్నలూ కౌన్సిలర్ పని గురించే. బడ్జెట్ కాగితం చదివి అర్థం చేసుకోగలరా? అధికారి కాదన్న పనిని వాదించి చేయించగలరా? సమావేశంలో లేచి మాట్లాడగలరా? రాత్రి 11 గంటలకు పైపు పగిలిందని ఫోన్ వస్తే ఎవరిని లేపాలో తెలుసా? ఇలాంటివి. ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులో ఎవరికి వాళ్లే వేసుకోవాలి. ఏడోది ఒక్క లైను: "ఈ ఎన్నికల్లో పోటీ చేస్తారా?"

ఆయన మార్కులు 6, 7 మధ్యలో ఉన్నాయి. బడ్జెట్ దగ్గర 4. ఏడో ప్రశ్నకు "ఎప్పుడైనా రెడీ" అని పెద్ద అక్షరాలతో రాశారు. ఆవిడ మార్కులు అన్నీ 9 పైనే, సమావేశంలో మాట్లాడటం దగ్గర ఒక్కచోట 8. ఏడో ప్రశ్న ఖాళీ.

పూర్తిగా ఖాళీ కాదు. పెన్సిల్‌తో ఏదో రాసి, రబ్బరుతో చెరిపేశారు. కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే అక్షరాల ఒత్తు కనిపించింది: "ఇంకెవరూ లేకపోతే."

కాన్ఫిడెన్స్ లేని మనిషి తనకు తాను తొమ్మిదులు వేసుకుంటుందా? ఆ సాయంత్రమే తట్టాల్సిన ప్రశ్న ఇది. తట్టలేదు. మూడు వారాలు ఆవిడతో కాన్ఫిడెన్స్ పాఠాలే చేయించాను. అద్దం ముందు నిలబడటం, గొంతు పెంచడం, తన విజయాల జాబితా రాసుకోవడం, మనకు వచ్చినవన్నీ. ఇచ్చిన హోంవర్క్ అంతా తప్పకుండా చేసుకొచ్చారు. మూడో వారం చివర మళ్లీ అదే ప్రశ్న అడిగాను. "నాకంటే బాగా చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడండి, లేరంటే అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు. చెరిపేసిన మాటే మళ్లీ వచ్చింది, కాస్త పొడుగ్గా.

ఎక్కడ పొరబడ్డాను

నా తప్పుకు కారణం నేను చదువుకున్న చదువులోనే ఉంది. ఈ రంగంలో అందరూ మొదట చెప్పేది అమెరికా పరిశోధకులు జెన్నిఫర్ లాలెస్, రిచర్డ్ ఫాక్స్‌ల సర్వే. లాయర్లు, వ్యాపారులు, విద్యారంగంలో ఉన్నవాళ్లు, రాజకీయ కార్యకర్తలు, అంటే అభ్యర్థులు ఎక్కువగా పుట్టుకొచ్చే వృత్తుల్లో ఉన్నవాళ్లను ఎంచుకుని, "ఎన్నికల్లో పోటీ చేయాలన్న ఆలోచన మీకు ఎప్పుడైనా వచ్చిందా" అని అడిగారు. చదువు, హోదా, అనుభవం సమానంగా ఉన్నా, వచ్చిందన్న మగవాళ్ల శాతానికీ ఆడవాళ్ల శాతానికీ మధ్య 2001లో సుమారు 16 పాయింట్ల తేడా. పదేళ్ల తర్వాత, 2011లో అడిగితే మళ్లీ దాదాపు అంతే. అందులోనే ఇంకో సంగతి కూడా తేలింది. ఒకే స్థాయి అర్హతలున్నా "నేను ఈ పదవికి బాగా తగినదాన్ని" అని చెప్పుకునే ఆడవాళ్లు తక్కువ. మాలాంటి శిక్షకులం ఆ రెండో సంగతిని పట్టుకుని, జబ్బు పేరు కాన్ఫిడెన్స్ అని తేల్చేసి, అందరికీ అదే మందు రాయడం మొదలుపెట్టాం.

నన్ను దారిలో పెట్టింది వేరే పరిశోధన. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన క్రిస్టిన్ కాంతక్, జొనాథన్ వూన్ 2015లో ప్రచురించిన ల్యాబ్ ప్రయోగం అది. కొందరిని గ్రూపులుగా కూర్చోబెట్టి లెక్కల పని ఒకటి ఇచ్చారు. గ్రూపు తరఫున ఒక ప్రతినిధి కావాలి, ఎవరు ముందుకొస్తారు? ముందుకొచ్చినవాళ్లలో ఒకరిని లాటరీ తీసి పెడతామంటే ఆడ, మగ సమానంగా చేతులెత్తారు. ఓటింగు పెట్టి ఎన్నుకుంటామనగానే ఆడవాళ్ల చేతులు తగ్గాయి, మగవాళ్లవి తగ్గలేదు. పని అదే, బాధ్యత అదే. మధ్యలో ఎన్నిక వచ్చింది, అంతే. ఇంకొంచెం ముందుకెళ్లి రకరకాల మార్పులు చేసి చూశారు. ప్రచారానికి ఖర్చు లేకుండా, ప్రచారంలో చెప్పేదంతా నిజమే అయ్యేలా రెండూ కలిపి ఏర్పాటు చేస్తేనే ఆ తేడా పోయింది. ఒకటి ఉండి రెండోది లేకపోతే పోలేదు.

ఇది చదివిన మర్నాడు ఆవిడ వచ్చారు. అద్దం పక్కన పెట్టేసి ఒకటే అడిగాను. "మేడమ్, ఎన్నిక లేదు, ప్రచారం లేదు. రేపటి నుంచి మీరే కౌన్సిలర్ అని కాగితం వచ్చిందనుకోండి. ఏం చేస్తారు?"

"ఎన్ని గంటలకు రావాలి?" అన్నారు.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. సంచిలోంచి డైరీ కూడా తీశారు, నేను నిజంగానే టైం చెప్తానన్నట్టు. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, మూడు వారాలు వృథా చేశానని నాకు అప్పుడే తెలిసిపోయింది. ఆవిడకు పదవంటే భయం లేదు, పనంటే అసలే లేదు. నేను మందు వేసిన చోట పుండే లేదు.

ఎవరు ఏమన్నారు

తర్వాత ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, "నిలబడమని మీతో ఎవరు, ఎప్పుడు, ఏ మాటల్లో అన్నారు?" అని అడిగాను. సారాంశం వద్దు, అన్న మాట అన్నట్టే చెప్పమన్నాను.

ఆయనకు నాయకుడు చెప్పింది: "మూడో వార్డు నీదే. ఫారం ఎప్పుడు నింపుతున్నావ్?" ఆవిడకు అదే నాయకుడు చెప్పింది: "మీలాంటివాళ్లు రాజకీయాల్లోకి వస్తే బాగుంటుంది మేడమ్." మొదటిది ఆహ్వానం. రెండోది పొగడ్త. పొగడ్తకు థాంక్స్ చెప్తాం, నామినేషన్ వేయం కదా! ఆ నాయకుడు చెడ్డవాడేం కాదు. రెండూ ఒకటేనని నిజంగా నమ్ముతున్నారు. ఆవిడను పిలిచానని, ఆవిడే ముందుకు రాలేదని నాతో ప్రమాణం చేసి మరీ చెప్పారు. లాలెస్, ఫాక్స్‌ల సర్వేలో కూడా పార్టీ నాయకుల నుంచి, తెలిసినవాళ్ల నుంచి "నువ్వు నిలబడు" అన్న మాట ఆడవాళ్లకు తక్కువగా అందుతుందని తేలింది. నా అనుభవంలో ఎన్నిసార్లు అన్నారన్నదే కాదు, వాక్యం ఎలా కట్టారన్నదీ అంతే ముఖ్యం.

అమెరికాలోని యూటాలో క్రిస్టఫర్ కార్పొవిట్జ్, క్విన్ మాన్సన్, జెసికా ప్రీస్ కలిసి ఒక పార్టీ స్థానిక సమావేశాల్లో చేసిన ప్రయోగం నాకు ఇక్కడ పనికొచ్చింది. ఆడవాళ్లను కొందరిని వెతికి నిలబడమని అడగండని పార్టీ నుంచి స్థానిక నాయకులకు ఉత్తరం వెళ్లింది, ఎన్నుకునేవాళ్లకు కూడా ఆ సంగతి చదివి వినిపించారు. అలా చేసిన చోట్ల ప్రతినిధులుగా ఎన్నికైన ఆడవాళ్ల వాటా పెరిగింది. మహిళలకు శిక్షణా శిబిరం పెట్టలేదు, ఎవరినీ అద్దం ముందు నిలబెట్టలేదు. అడగాల్సినవాళ్ల చేత అడిగించారు.

మా నాయకుడి చేత కూడా కాగితం మీద రాయించాను. వార్డు నంబరు, నామినేషన్ ఆఖరు తేదీ, పార్టీ ఖర్చు ఏది భరిస్తుంది, ఏది భరించదు. ఆయన కాస్త విసుక్కున్నారు. "ఓటర్లు ఆడవాళ్లకు వేస్తారంటారా?" అని మెల్లగా అసలు సంగతి బయటపెట్టారు. దీని మీద ఎక్కువసేపు ఆగాల్సిన పని లేదు. సుసానె ష్వార్జ్, అలెగ్జాండర్ కాపాక్ రకరకాల దేశాల్లో జరిగిన 67 సర్వే ప్రయోగాలను కలిపి చూస్తే, మిగతావన్నీ సమానమైనప్పుడు మహిళా అభ్యర్థికి సగటున 2 శాతం పాయింట్లు ఎక్కువ మద్దతే కనిపించింది. సర్వేలో చెప్పేది వేరు, బూత్‌లో వేసేది వేరు అని ఆయన అన్నారు. అదీ నిజమే. కానీ సంతకం పెట్టారు.

ఇల్లు

ఆవిడ ఇంటి విషయంలో మరో పొరపాటు చేశాను. ఆడవాళ్లు వెనకాడితే ఇంట్లో ఒప్పుకోలేదేమో అనుకోవడం ఈ వృత్తిలో అందరికీ అలవాటు. "మీవారు ఏమంటున్నారు?" అని అడిగాను. "ఆయనకు నాకంటే తొందర ఎక్కువ" అన్నారు. మర్యాదకు చెప్తున్నారనుకుని, అనుమానంతో భర్తను కూడా పిలిపించాను. పాపం, ఆయన వాల్ పోస్టర్ డిజైన్లు కూడా ఫోన్‌లో పెట్టుకుని వచ్చారు!

చిక్కు వేరే చోట ఉంది. అది నేను అడగలేదు, ఆవిడే ఒకరోజు లెక్కల రూపంలో చూపించారు. అకౌంట్స్ మనిషి కదా, అడ్డగీతల కాగితం మీద నెలల వారీగా వేసుకొచ్చారు. ఇల్లు నడిచేది ఎక్కువగా ఆవిడ జీతం మీద. ప్రచారానికి ఆరు వారాలు సెలవు పెడితే జీతం పోతుంది, గెలిస్తే వారం మధ్యలో సమావేశాలుంటాయి, ప్రమోషన్ ఆగుతుంది. కౌన్సిలర్‌కు వచ్చే గౌరవ వేతనం ఆ గుంతను పూడ్చదు. కింద ఎర్ర ఇంకుతో ఒక మొత్తం వేసి, దాని చుట్టూ రెండు సార్లు గీత గీశారు. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. లెక్క వద్దంది.

దీనికీ పరిశోధన ఉంది, నేనే ఆలస్యంగా చూశాను. రేచెల్ బెర్న్‌హార్డ్, షవనా షేమ్స్, డాన్ టీలె 2021లో రాసిన వ్యాసంలో, అభ్యర్థులుగా శిక్షణ తీసుకున్న అమెరికా మహిళలనే పరిశీలించారు. ఇంటి ఆదాయంలో పెద్ద వాటా తనదే అయిన మహిళ, ముఖ్యంగా పిల్లలున్న తల్లి, నిలబడటానికి ఎక్కువగా వెనకాడుతోందని తేలింది. అంట్లు, వంట, పిల్లల హోంవర్క్ గురించే అడుగుతూ కూర్చుంటే ఇది ఎప్పటికీ బయటపడదు. సంపాదించే మగవాడు నిలబడితే ఇల్లు సర్దుకుంటుందిలే అనుకుంటారు. సంపాదించే ఆడమనిషి నిలబడితే ఎలా సర్దుకోవాలో కూడా ఆవిడే లెక్క వేయాలి.

ఇంకో సంగతి నా మనసులో ఉండి కూడా ఆవిడకు చెప్పలేదు. స్వీడన్‌లో ఓలె ఫోల్కె, యోహానా రిక్నె చేసిన అధ్యయనంలో, మేయరుగానో పార్లమెంటు సభ్యురాలిగానో ఎదిగిన మహిళలకు విడాకుల అవకాశం రెట్టింపైంది. మగవాళ్లకు అలా జరగలేదు. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. వార్డు కౌన్సిలర్ పదవి ఆ స్థాయిది కాదు, ఆ భర్త పోస్టర్లు గీస్తున్నాడు. చెప్పలేదు. సరైన పనేనా అంటే ఇప్పటికీ ఖాయంగా అనలేను.

ఏం చేశాం

సెలవు ఆలోచన తీసేశాం. సాయంత్రం 6 నుంచి 9, ఆదివారాలు పూర్తిగా, చివరి పది రోజులు మాత్రం సెలవు. ఆ ప్లాన్‌లో ఎన్ని వీధులు తిరగగలం అని ఓటర్ల జాబితా పెట్టుకుని లెక్కేస్తే, రెండు వీధులు మిగిలిపోయాయి. అవి పార్టీ కుర్రాళ్లకు అప్పగించాం. ఎర్ర అంకె తగ్గింది. పోలేదు.

ఆ ల్యాబ్ ప్రయోగంలో తేలిన రెండింటిలో ఖర్చు సంగతి అలా కొంత సర్దుకుంది. ఇక రెండోది, ప్రచారంలో నిజం. మైకు ముందు నిజమే చెప్పాలని ఏ ఎన్నికనూ ఎవరూ కట్టడి చేయలేరు. అందుకని ఒక కాగితం మీద ఆవిడ మీద ఎవరైనా అనగలిగినవన్నీ రాశాం. నిజాలు, అబద్ధాలు, చెత్త అన్నీ. ఒక్కోదాని ఎదురుగా జవాబు రాయలేదు, జవాబు ఎవరు చెప్పాలో రాశాం. ఇది పార్టీ లాయరు, ఇది ఏజెంటు, ఇది నాయకుడు, దీనికి ఎవరూ జవాబివ్వక్కర్లేదు. మొత్తం పూర్తయ్యాక చూస్తే ఆవిడ పేరు ఎదురుగా రెండే మిగిలాయి. ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నారు.

ఈ మధ్యలోనే నా పెద్ద తప్పు జరిగింది. ప్రోత్సాహం దొరుకుతుందని ఒక సీనియర్ నాయకురాలి దగ్గరికి పంపాను. ఆ నాయకురాలు దాపరికం లేని మనిషి. ఫోన్‌కి వచ్చే బూతు మెసేజ్‌లు, కూతురి ఫోటోలు పెట్టి చేసిన ప్రచారం, అన్నీ గంటసేపు చూపించారు. ఒక్క మాటా అబద్ధం కాదు. మా అభ్యర్థి రెండు వారాలు నా ఫోన్ తీయలేదు. ఎవరి దగ్గరికి పంపుతున్నానో, ఏ దశలో పంపుతున్నానో చూసుకోవాల్సింది నేను. ఆ కాగితం తయారయ్యాక పంపి ఉంటే అదే సంభాషణ వేరేగా జరిగేది. ఇప్పుడు ఆ వరస తప్పను.

ఇక రిహార్సల్. ఇంటింటి ప్రచారం ఆవిడకు కొట్టిన పిండి, పదేళ్లుగా చేస్తున్నదే. "తలుపు తీశాను, చెప్పండి" అని నేను ఓటరుగా నిలబడ్డాను. సమస్యలు అడిగారు, విన్నారు, వీధి దీపం సంగతి రాసుకున్నారు. చివర్లో, "తప్పకుండా ఓటేయండి" అన్నారు.

"ఎవరికి?"

"మన పార్టీకి."

మళ్లీ చేశాం. "మన అభ్యర్థికి ఓటేయండి." మళ్లీ. "ఈసారి మంచివాళ్లను చూసి ఓటేయండి." తెలుగులో ఇదొక సౌకర్యం, 'నాకు' అనకుండానే వాక్యం పూర్తయిపోతుంది. ఎవరూ గమనించరు. ఓటరు కూడా గమనించడు, తలుపు వేసుకున్నాక ఎవరికి వేయమన్నారో గుర్తుండదు. ఆ గదిలోనే పక్క కుర్చీలో ఉన్న ఆయనకు మొదటి వాక్యమే "నాకో అవకాశం ఇవ్వండి". పదకొండోసారో పన్నెండోసారో ఆవిడ, "నాకు వేయండి. నీళ్ల ట్యాంకు ఫైలు ఎక్కడ ఆగిందో నాకు తెలుసు" అన్నారు. ముఖం ఎర్రబడింది. "అమ్మో, అడుక్కుంటున్నట్టుంది" అని కుర్చీలో కూలబడ్డారు. మర్నాడు నుంచి రెండో వాక్యం ముందు పెట్టాం. ట్యాంకు ఫైలు మొదట, 'నాకు' తర్వాత. అది నోటికి పట్టింది.

ఆయన సంగతి కూడా చెప్పాలి. బడ్జెట్‌కు 4 వేసుకున్న మనిషికి నేను ఒక్క క్లాసే తీసుకున్నాను. ఆయనే అడగలేదు, "రెడీ" అన్నవాణ్ని ఎవరూ ఇంకేమీ అడగరు. ఒక ముఖాముఖిలో ఆస్తి పన్ను ఎలా లెక్కిస్తారని ఒక రిటైర్డ్ ఉద్యోగి అడిగితే, నోటికొచ్చింది చెప్పి దొరికిపోయారు. వెనకాడేవాళ్ల మీద పెట్టే శ్రద్ధలో సగం దూకేవాళ్ల మీద కూడా పెట్టాలని నా నోట్స్‌లో ఉంది.

ఫలితం

ఇద్దరూ నామినేషన్ వేశారు. ఇద్దరూ ఓడిపోయారు. ఆయన పెద్ద తేడాతో, ఆవిడ కొద్ది తేడాతో.

మర్నాడు ఇద్దరితోనూ మాట్లాడాను. "గాలి అటు ఉందండీ, మనం ఏం చేస్తాం? వచ్చేసారి చూద్దాం" అన్నారు ఆయన. ఆవిడ అడిగింది వేరు: "ఆ రెండు వీధులకు నేనే వెళ్లి ఉండాల్సింది కదా?" బూత్‌ల వారీ లెక్క తీసి చూపించాను. ఆ రెండు వీధుల ఓట్లన్నీ వచ్చినా సరిపోయేది కాదు. విన్నారు, కాగితం తీసుకున్నారు, నమ్మినట్టు మాత్రం అనిపించలేదు.

ఓడాక ఆడవాళ్లు మళ్లీ నిలబడరా అన్నదాని మీద పరిశోధకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. క్యాలిఫోర్నియా స్థానిక ఎన్నికల మీద మెలనీ వాసర్‌మన్ చేసిన అధ్యయనంలో, ఓటమి తర్వాత తప్పుకోవడం మగవాళ్లకంటే ఆడవాళ్లలో 50 శాతం ఎక్కువ. అమెరికాలోనే దశాబ్దాల అభ్యర్థుల రికార్డులు తీసి చూసిన రేచెల్ బెర్న్‌హార్డ్, జస్టిన్ డి బెనెడిక్టిస్ కెస్నర్ మాత్రం ఇద్దరిలోనూ పట్టుదల ఒకేలా ఉందన్నారు. ఒక్క కేసు పెట్టుకుని నేను ఎటువైపూ తీర్పు చెప్పలేను. అందుకే ఓటమి తర్వాతి సమావేశాన్ని కూడా ఇప్పుడు ఫీజులోనే కలిపేశాను, ముందే తేదీ వేసి. ఫారంలో ఏడో ప్రశ్నను రెండు చేశాను: "ఎన్నిక లేకుండా ఈ పని ఇస్తే చేస్తారా?", "ఎన్నికలో ఏ భాగం మీకు మింగుడు పడటం లేదు?" రెండోదానికి మగవాళ్లు కూడా రాస్తున్నారు. ఒకాయన అర పేజీ రాశాడు.

వచ్చేసారి చూద్దామన్న ఆయన వ్యాపారంలో పడిపోయారు, కమిటీకి అప్పుడప్పుడూ వస్తున్నారట. ఆవిడ నిలబడతాననీ అనలేదు, నిలబడననీ అనలేదు. నాయకుడు ఈసారి సరిగ్గా అడిగారు, వార్డు నంబరుతో సహా. "లెక్క చూసుకుని చెప్తాను" అన్నారట. ఓటర్ల జాబితా సవరణ మొదలైందని గత నెల నాకు ఫోన్ చేసి చెప్పింది మాత్రం ఆవిడే. ఆ రెండు వీధుల్లో కొత్త పేర్లు ఎన్ని చేరాయో కూడా చెప్పారు.